బట్టను తిప్పి చూస్తే మిషన్ తెలుస్తుంది

2013లో ఒక స్కూలు స్పోర్ట్స్ డేకి 1,100 టీషర్టులు కుట్టించి ఇచ్చాను. బట్ట నున్నగా ఉంది, రంగు బాగుంది, కుట్టు శుభ్రంగా వచ్చింది. పది రోజులు తిరక్కుండానే పీఈటీ సారు ఫోన్ చేశాడు. "ఒక్క ఉతుక్కే పక్క కుట్టు పొట్ట మీదికొచ్చింది, వచ్చి చూడు" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. చంక కింది నుంచి నిటారుగా దిగాల్సిన కుట్టు నడుము దగ్గరికి వచ్చేసరికి బొడ్డు వైపు తిరిగింది. నాకు ఆ బట్ట అమ్మిన వ్యాపారి ఫోన్ ఎత్తలేదు. అతన్ని మాత్రమే అని ఏం లాభం? అంతకుముందు ఏడేళ్లు తమిళనాడులోని తిరుప్పూరులో నిట్టింగ్ మిషన్ల (బట్ట అల్లే మిషన్ల) మధ్యే బతికినవాణ్ని, ఒక ముక్క ఉతికి చూడకుండా డబ్బు కట్టాను.

ఇప్పుడు మా చెల్లె కొడుకు కరీంనగర్‌లో టీషర్టుల ప్రింటింగ్ పెడుతున్నాడు. వాట్సాప్‌లో బట్టల ఫొటోలు పంపి "మామా, ఇది మంచిదేనా?" అని అడుగుతాడు. ఫొటోలో ఏం తెలుస్తుందిరా అంటాను. బట్ట చేతిలో ఉండాలి. వెనక్కి తిప్పి చూడాలి, లాగాలి, అంచు కత్తిరించాలి. అప్పుడు అది ఏ మిషన్ మీద దిగిందో తెలుస్తుంది, అది తెలిస్తే ఉతికాక ఏమవుతుందో కూడా చాలావరకు తెలుస్తుంది. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

దగ్గర పెట్టుకోవలసినవి: పోగులు లెక్కపెట్టే మడత భూతద్దం, చిన్న కత్తెర, నాలుగు గుండుసూదులు, స్కేలు, గ్రాములో పదో వంతు చూపించే చిన్న తూకం. ఇంతే.

నేతా, అల్లికా?

మా నాన్న సిరిసిల్లలో నాలుగు సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడు. పడుగు నిలువుగా, పేక అడ్డంగా. ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగడమే నేత. టీషర్టు అల్లికలో పడుగూ పేకా ఉండవు. ఒకే దారం ఉచ్చుగా మారుతుంది, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దానిలోంచి మరొకటి. ముక్క అంచు నుంచి ఒక దారం లాగి చూడండి. నేసిన బట్టలో పోగు దాదాపు నిటారుగా వస్తుంది. అల్లిన బట్టలో ఉంగరాల జుట్టులా వంకీలు వంకీలుగా వస్తుంది. బట్టను లాగినప్పుడు ఆ వంకీలు తెరుచుకుంటాయి, అందుకే సాగుతుంది. వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి.

ఆ ఉచ్చు వేసే సూదిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. చివర చిన్న కొక్కెం, దాని కింద ఊగే నాలుక. సూది పైకి లేచినప్పుడు పాత ఉచ్చు జారుతూ నాలుకను తెరిచి దాని కిందికి దిగుతుంది. కొక్కెం కొత్త దారాన్ని అందుకుంటుంది. సూది కిందికి వస్తుంటే పాత ఉచ్చే నాలుకను ఎత్తి కొక్కెం మూసేస్తుంది, తర్వాత దాని మీదుగా జారి బయటపడుతుంది. కొత్త దారం దానిలోంచి ఉచ్చుగా దిగుతుంది. ఇంతే పని. ఇంగ్లండ్‌లో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే మిషన్ చేశాడు కానీ, ఈ నాలుక సూదిని మాథ్యూ టౌన్సెండ్ తెచ్చింది 1840ల చివర్లో. ఇప్పుడు తిరుప్పూరులో తిరిగే గుండ్రటి మిషన్లన్నీ దాని మీదే బతుకుతున్నాయి.

ఆ గుండ్రటి మిషన్ లెక్క ఒకటి చెబుతాను. టీషర్టు బట్టకు మామూలుగా వాడేది 30 అంగుళాల డయా, 24 గేజ్. డయా అంటే సూదులు నిలబడే సిలిండర్ వ్యాసం, గేజ్ అంటే అంగుళానికి ఎన్ని సూదులు అని. చుట్టుకొలతను 24తో హెచ్చిస్తే సుమారు 2,260 సూదులు. చుట్టూ సూదులకు దారం అందించే ఫీడర్లు 90 ఉన్నాయనుకోండి, సిలిండర్ ఒక్కసారి తిరిగితే 90 వరుసలు పడతాయి. నిమిషానికి 25 చుట్లు అంటే 2,250 వరుసలు. మా నాన్న సాంచా నిమిషానికి 150 పిక్కులు (పేక పోగులు) కొడితే గొప్ప. మొదటిసారి ఈ మిషన్ ముందు నిలబడ్డప్పుడు, కింద చుట్టుకుంటున్న బట్టను చూసి, నాన్న సాంచాలు ఎందుకు అమ్మేశాడో నాకు అర్థమైనట్టనిపించింది. తర్వాత తెలిసింది ఆ రెండింటికీ పోటీయే లేదని. చీర అల్లరు, బనియన్ నేయరు.

సింకర్

టీషర్టు బట్టల్లో ఎక్కువ భాగం సింగిల్ జెర్సీ. తిరుప్పూరులో, అక్కడి నుంచి సరుకు తెచ్చే మన దుకాణాల్లో దీన్ని సింకర్ అంటారు. ఈ మిషన్‌కు ఒకటే వరస సూదులు, అన్నీ సిలిండర్‌లో నిలువుగా ఉంటాయి. సూదికీ సూదికీ మధ్య పల్చటి ఇనుప రేకులు ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి. సూది పైకి లేచేటప్పుడు బట్ట దానితో పాటు లేవకుండా పట్టి ఉంచేవి అవే. వాటి పేరే సింకర్లు.

ముఖం వైపు భూతద్దం పెడితే ఇంగ్లిష్ వీ అక్షరాలు ఒకదాని కింద ఒకటి గొలుసులా కనిపిస్తాయి. వెనక్కి తిప్పితే చిన్న చిన్న అర్ధచంద్రాలు అడ్డ వరుసల్లో ఉంటాయి. రెండు వైపులా వేరువేరుగా ఉన్నాయంటే ఒక వరస సూదులతో దిగిందని అర్థం. ఇంకా తేలికైన గుర్తు, ఒక చదరం ముక్క కత్తిరించి బల్ల మీద పెట్టండి. పక్క అంచులు వెనక్కి చుట్టుకుంటాయి, పై అంచూ కింది అంచూ ముఖం వైపు చుట్టుకుంటాయి. కటింగ్ మాస్టర్లు ఈ బట్టను తిట్టుకునేది ఇందుకే.

నా స్పోర్ట్స్ డే బట్ట కూడా సింకరే. కుట్టు తిరగడానికి రెండు కారణాలున్నాయి. ఒంటి పోగు నూలుకు పురి ఒకే వైపు ఉంటుంది. నీళ్లు తగలగానే అది విప్పుకోవాలని చూస్తుంది, దాంతో ఉచ్చులన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి. రెండోది మిషన్ లోనే ఉంది. ఒక చుట్టులో 90 వరుసలు పడతాయన్నాను కదా, అంగుళానికి 45 వరుసల బట్టయితే చుట్టు తిరిగి వచ్చేసరికి అది రెండు అంగుళాలు పైకి ఎక్కి ఉంటుంది. మెట్ల బావిలా. ఫినిషింగ్‌లో బట్టను లాగి సరిగ్గా నిలబెడతారు, కంటికి ఏమీ కనపడదు. ఉతికితే అసలు రూపం బయటపడుతుంది.

అందుకే రోల్ కొనేముందు అర మీటరు ముక్క అడగండి. దాని మీద చెరగని పెన్నుతో 40 సెంటీమీటర్ల చదరం గీయండి. అంచులకు ఓవర్‌లాక్ వేసి మూడుసార్లు ఉతికి, వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి. మళ్లీ కొలవండి. 40 కాస్తా 38 అయితే 5 శాతం కుంచించుకుందన్న మాట, ఆపైన పోతే నేను తీసుకోను. చదరం మూలలు ఎటైనా ఒరిగి పక్కకు వాలిన గాలిపటంలా అయిందంటే కుట్టు తిరుగుతుంది. ముక్క ఇవ్వడానికి సణిగే దుకాణంలో రోల్ కొనకండి.

రిబ్, ఇంటర్‌లాక్

టీషర్టు మెడపట్టీ లాగి చూడండి. అది రిబ్. ఈ మిషన్‌లో సిలిండర్ మీద నిలువు సూదులతో పాటు, పైన డయల్ అనే పళ్లెంలో అడ్డంగా ఇంకో వరస సూదులు ఉంటాయి. రెండు వరసలూ ఒకదాని సందులోకి ఒకటి వస్తాయి, రెండు చేతుల వేళ్లు జొనిపినట్టు. ఒక సూది ఉచ్చును ముందుకు, పక్క సూది వెనక్కి లాగుతాయి. కాబట్టి రెండు వైపులా నిలువు గాడులు కనిపిస్తాయి. అడ్డంగా లాగితే గాడుల్లో దాగిన వెనక వరుస బయటపడుతుంది, వదిలితే మళ్లీ మూసుకుంటుంది. సింకర్ కన్నా చాలా ఎక్కువ సాగుతుంది, అంచులు చుట్టుకోవు. మెడపట్టీకి లైక్రా (రబ్బరులా సాగే దారం) కలిపిన రిబ్ అడగండి. కలపకపోతే పది ఉతుకుల్లో మెడ జారిపోతుంది.

ఇంటర్‌లాక్‌కు కూడా సిలిండర్, డయల్ రెండూ కావాలి. కానీ ఇక్కడ సూదులు సందుల్లోకి రావు, ఎదురెదురుగా నిలబడతాయి. ఎదురెదురు సూదులు ఒకేసారి లేస్తే గుద్దుకుంటాయి. అందుకని పొడుగు సూదులు, పొట్టి సూదులు అని రెండు రకాలు పెడతారు. ఒక ఫీడర్ దగ్గర పొడుగువి అల్లుతాయి, పక్క ఫీడర్ దగ్గర పొట్టివి. ఒక వరుస పూర్తి కావడానికి రెండు ఫీడర్లు పట్టేది ఇందుకే. నిజానికి అది ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న రెండు రిబ్ బట్టలు. ముందూ వెనకా రెండు వైపులా వీ గొలుసులే కనిపిస్తాయి, ఎంత లాగినా అవే ఉంటాయి. తక్కువ సాగుతుంది, చుట్టుకోదు, కుట్టు తిరగడం దాదాపు ఉండదు. విప్పి చూసినా చివర అల్లిన అంచు నుంచే విడుతుంది. సింకర్ అయితే రెండు చివరల నుంచీ విడిపోతుంది. చంటిపిల్లల బట్టలకు నేను ఇంటర్‌లాకే కుట్టిస్తాను. నూలు ఎక్కువ పడుతుంది, ధర ఎక్కువ. అయినా ఫిర్యాదు చేసిన తల్లి ఇంతవరకు లేదు.

పీకే, లూప్ నిట్

కాలర్ టీషర్టుకు వాడే తేనెపట్టు గళ్ల బట్ట పీకే. దీనికి వేరే మిషన్ ఉండదు. సింకర్ మిషనే, లోపల కామ్‌లు మారుస్తారు. సూదిని ఎత్తి దించే ఇనుప దారులే కామ్‌లు. దారి పూర్తిగా ఎత్తితే సూది కొత్త ఉచ్చు అల్లుతుంది. సగమే ఎత్తితే పాత ఉచ్చును వదలకుండానే కొత్త దారాన్ని కూడా పట్టుకుంటుంది. దీన్ని టక్ అంటారు. అసలు ఎత్తకపోతే దారం వెనక నుంచి దాటిపోతుంది, అది మిస్. అల్లు, పట్టు, వదులు. ఈ మూడింటిని అటూ ఇటూ పేర్చితేనే సింకర్, పీకే, లకోస్ట్, పాప్‌కార్న్ అన్నీ వస్తాయి. ఫిట్టర్ చేతిలో నాలుగు ట్రాకుల కామ్‌లు ఉంటే చాలు, మధ్యాహ్నం టీ లోపల డిజైన్ మారిపోతుంది. టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్ట్ 1933లో మొదలుపెట్టిన చొక్కాల కంపెనీ పుణ్యమా అని ఈ రకాల్లో ఒకదానికి ఆయన పేరే నిలిచిపోయింది.

పీకేలో ఒక తమాషా ఉంది. మనం ముఖం అనుకుని బయటికి పెట్టుకునే తేనెపట్టు గళ్లు అల్లికలో వెనక వైపు. లోపలి వైపు భూతద్దం పెట్టండి, వీ గొలుసులు అక్కడ దొరుకుతాయి. కొత్తగా పెట్టిన ప్రింటింగ్ వాళ్లు కొందరు నున్నగా ఉందని ఆ వైపే ప్రింట్ వేసి తలపట్టుకున్నారు.

కాలర్ ఈ మిషన్ మీద దిగదు. అది ఫ్లాట్ మిషన్ పని. రెండు సూదుల పట్టాలు ఇంటి పైకప్పులా వాలి ఉంటాయి, పైన క్యారేజి అటూ ఇటూ పరుగెత్తుతుంది. కాలర్లు ఒక్కొక్కటిగా రావు, పొడుగు పట్టీలా కలిసి వస్తాయి. మధ్యలో ఒక దారం లాగితే విడిపోతాయి. స్వెటర్లూ ఈ జాతే, లూధియానా వాటికి పెట్టింది పేరు. బట్ట, కాలర్ వేరువేరు చోట్ల రంగు వేయిస్తే రెండూ కలవవు. ఒకే లాట్‌లో వేయించండి.

చలికాలం హుడీలకు లూప్ నిట్. సింకర్ మిషన్ మీదే అల్లుతారు గానీ, వెనక వైపు ఇంకో లావు దారాన్ని అక్కడక్కడా పట్టించి మిగతా చోట వదులుగా వదిలేస్తారు. వెనక్కి తిప్పితే వరుసగా చిన్న ఉచ్చులు వేలికి తగులుతాయి. ఆ ఉచ్చులను ఇనుప బ్రష్ రోలర్ల మీద గీకితే పీచు లేచి మెత్తగా అవుతుంది, అప్పుడు దాన్ని ఫ్లీస్ అంటారు. మూడు దారాల ఫ్లీస్‌లో ముఖానికి ఒకటి, వెనక ఉచ్చుకు ఒకటి, రెండింటినీ కట్టిపడేసేది ఇంకొకటి ఉంటాయి. గీకినప్పుడు ఆ లావు దారం ముఖం వైపు తేలకుండా ఉండాలంటే మూడోది కావాలి. చవక హుడీ ముఖం మీద బొంత తేలినట్టు కనిపిస్తే అది రెండు దారాలదేమో చూడండి.

పడుగుతో అల్లేవి

నాన్నకు నచ్చే అల్లిక ఒకటుంది. వార్ప్ నిట్టింగ్‌లో ప్రతి సూదికీ తన సొంత దారం ఉంటుంది. దారాలన్నీ సాంచాకు ఎక్కించినట్టే బీముల మీద చుట్టి ఉంటాయి. దారం ఒక సూది దగ్గర ఉచ్చు వేసి పక్క సూదికి జరుగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే దారం అడ్డంగా పోదు, నిలువుగా వంకర టింకరగా పోతుంది. ఒక దారం తెగినా నిచ్చెన మెట్లలా విడిపోదు. దోమతెర చింపి చూడండి, పక్కకు పాకదు. తమిళనాడులో కరూరులో ఈ దోమతెరల పని బాగా సాగుతుంది. లేసులు, ఈత దుస్తులు, కొన్ని స్పోర్ట్స్ బూట్ల పై భాగం కూడా ఈ రకమే. ట్రికాట్, రాషెల్ అని మిషన్లు రెండు రకాలు. టీషర్టు వ్యాపారికి వీటితో పెద్దగా పని లేదు. జెర్సీలకు వాడే చిల్లుల బట్టను మాత్రం చూసి తెలుసుకోండి, అది గుండ్రటి మిషన్‌ది కూడా కావచ్చు. అంచు దగ్గర అడ్డంగా ఒక దారం చివరిదాకా లాగగలిగితే గుండ్రటిది.

సాక్సులు మళ్లీ గుండ్రటి మిషన్‌వే, నాలుగు అంగుళాలకు అటూ ఇటూగా డయా ఉన్న చిన్న మిషన్ మీద గొట్టంలా దిగుతాయి. పాత బనియన్‌కు పక్క కుట్టు ఉండకపోవడం గమనించారా? ఒంటి కొలతకు సరిపడే చిన్న డయా మిషన్ మీద అల్లిన గొట్టం అది.

తూకం దగ్గర

నేత బట్ట మీటర్లలో కొంటాం, అల్లిక బట్ట కిలోల్లో కొంటాం. ఇక్కడే జేబుకు చిల్లు పడేది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బరువు. 10 సెంటీమీటర్ల చదరం కచ్చితంగా కత్తిరించి తూచి 100తో హెచ్చించండి. 1.8 గ్రాములు వస్తే 180 జీఎస్‌ఎం. బట్టను లాగి పట్టుకుని కోయకండి, రాత్రంతా పరిచి ఉంచి పొద్దున కోయండి. 180 జీఎస్‌ఎం, 72 అంగుళాల వెడల్పు బట్ట కిలోకు 3 మీటర్లు వస్తుంది. 200 అని చెప్పి 180 ఇస్తే మీటర్లు ఎక్కువ వస్తాయి కానీ టీషర్టు పల్చబడుతుంది. 180 అని చెప్పి 200 ఇస్తే కిలోకు ముక్కలు తగ్గుతాయి. రెండు వైపులా మునగొచ్చు.

బరువు సరిపోయినా ఉచ్చు పొడుగు చూడాలి. సింకర్ ముఖం మీద నిలువు గొలుసులు 100 లెక్కపెట్టి రెండు చివరలా కత్తెరతో గాటు పెట్టండి. పై అంచు నుంచి ఒక వరుస దారం విప్పి, వంకీలు పోయేంతగా మాత్రమే సాగదీసి స్కేలు మీద పెట్టండి. 28 సెంటీమీటర్లు ఉంటే ఉచ్చు 2.8 మిల్లీమీటర్లు. 30 నంబరు నూలుకు (నంబరు అంటే నూలు సన్నదనానికి కొలత) 24 గేజ్ మిషన్ మీద ఇది బాగుంటుంది. అదే నూలుకు 3.1 వచ్చిందంటే వదులుగా అల్లి, ఫినిషింగ్‌లో కుదించి బరువు చూపిస్తున్నారు. ఉతికాక సంగతి మీకే తెలుస్తుంది. ఏ గేజ్‌కు ఏ నూలు అన్నదానికి ఫిట్టర్ల దగ్గర ఒక చిట్కా ఉంది. గేజ్‌ను దానితోనే హెచ్చించి 18తో భాగించాలి. 24కు 32 వస్తుంది, అంటే 30, 32 నంబరు నూలు.

ఇక గీతలు. బట్టను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. గీత నిలువుగా ఉంటే సూదిది, లేదా సింకర్‌ది. కొక్కెం వంగినా, నాలుక అరిగినా రోల్ మొత్తం అదే చోట గీత పడుతుంది. అడ్డంగా ఉంటే నూలుది, లేదా ఫీడర్‌ది. రెండు అడ్డ గీతల దగ్గర గుండుసూదులు గుచ్చి మధ్య వరుసలు లెక్కపెట్టండి. 90 ఫీడర్ల మిషన్‌లో సరిగ్గా 90 వస్తే ఒకే ఫీడర్ తప్పు, అక్కడ దారం బిగువు మారింది, లేదా వేరే లాట్ కోన్ (నూలు కండె) ఎక్కించారు. ఈ తేడా రంగు వేయని గ్రే బట్టలో కనిపించదు, రంగు వేశాక పులి చారల్లా తేలుతుంది. నైట్ షిఫ్టులో నిద్రమత్తులో ఒక్క కోన్ మార్చి ఎక్కించినందుకు నాకు వారం జీతం పోయింది. ఆ నీలం చారల ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది, మేనల్లుడికి చూపించింది అదే.

చివరగా, రోల్ ఇంటికి చేరాక వెంటనే కోతకు పెట్టకండి. గోడకు నిలబెట్టకండి, కింది భాగం నలిగి సాగుతుంది. పడుకోబెట్టండి. కోసే ముందు రోజు విప్పి వదులుగా మడతలు వేసి పరవండి. లైక్రా కలిసిన బట్టకు పూర్తిగా 24 గంటలు ఇవ్వండి. చుట్టినప్పుడు సాగింది సాగినట్టు ముడుచుకుంటుంది. ఇది చేయకుండా పొద్దున్నే కోసిన ఎల్ సైజు సాయంత్రానికి ఎం సైజు అవుతుంది.